నడక బాగుంది

గడియారం పనిచేస్తోందా అని మన ఊళ్లో ఎవరూ అడగరు. నడుస్తోందా అని అడుగుతారు. నలభై అయిదేళ్లుగా నా కొట్టుకి వచ్చిన ప్రతివాళ్లూ ఆ మాటే అడిగారు, నేనూ ఆ మాటతోనే జవాబు చెప్పాను. అందులో భయపడాల్సింది ఏముందో పోయిన అక్టోబరు దాకా నాకు తెలీదు.

నా పేరు అర్జునరావు. కొట్టు విశాఖపట్నం వన్ టౌన్‌లో, పాత పోస్టాఫీసు దాటాక వచ్చే సందులో ఒక మేడ మీద ఉంది. కింద దేవీప్రసాద్ అనే ఆయన తాళ్లూ, గాలాలూ, వలదారం అమ్ముతాడు. పదిహేడు చెక్క మెట్లు ఎక్కితే నా గది. కిటికీలోంచి పోర్టు క్రేన్లు కనిపిస్తాయి. ఓడ కూత వేసినప్పుడు బీరువా అద్దాలు సన్నగా వణుకుతాయి. తుప్పు, చేపలు, డీజిలు కలిసిన వాసన ఎప్పుడూ ఉంటుంది, అది మా పేట వాసన, అలవాటైతే మంచిదే.

ఈ రోజుల్లో బ్యాటరీ మార్చేవాడిని కూడా వాచ్ మేకర్ అంటున్నారు. గ్యాస్ స్టవ్ ముట్టించినవాడిని వంటవాడు అన్నట్టు. నేను ఆ పని ముట్టను. కీ ఇస్తే నడిచే పాత జేబు గడియారాలు, వందేళ్లవీ నూటయాభై ఏళ్లవీ, అవే చేస్తాను. హైదరాబాదు నుంచీ కలకత్తా నుంచీ పంపిస్తారు. నాకు పొగరు ఉంది. ఉందని నా భార్య బతికున్నప్పుడు రోజూ చెప్పేది. ఆ పొగరు ఒక మనిషి ప్రాణం తీస్తుందని మాత్రం ఆవిడకీ తెలీదు.

మంగళవారం పొద్దున ఒక ముసలమ్మ మెట్లెక్కి వచ్చింది. డెబ్భై ఏళ్లుంటాయి. పేరు వరహాలమ్మ అని, జాలరిపేట నుంచి వచ్చానని చెప్పింది. పుల్లలాంటి మనిషి. ఎడమ దవడ మీద చిన్న చిన్న గుంటలు వరసగా ఉన్నాయి, గొలుసు పెట్టి అచ్చు గుద్దినట్టు. నేను చూస్తున్నానని తెలిసి కొంగు ఆ పక్కకి లాక్కుంది.

కొంగు ముడి విప్పి గడియారం బల్ల మీద పెట్టింది. వెండి డొప్ప, తెల్ల పింగాణీ ముఖం, రోమన్ అంకెలు. గొలుసు లేదు, గొలుసు తగిలించే రింగు కూడా సగం విరిగిపోయింది. చెవి దగ్గర పెట్టుకున్నాను. టిక్‌టక్... టిక్‌టక్... టిక్‌టక్... మంచి నడకలో రెండు చప్పుళ్ల మధ్యా ఒకటే ఎడం ఉండాలి. దీంట్లో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. దీన్ని మా పనివాళ్లు గడియారం కుంటుతోంది అంటారు.

"ఆగాగి నడుస్తంది బావూ," అంది. "నూనె ఎండిపోయినట్టుంది. కడిగి నూనె ఎయ్యి. నడక మాత్రం ముట్టుకోకు. ఎలా కుంటతందో అలాగే కుంటాలి."

నాకు నవ్వొచ్చింది. కుంటును కూడా బాగుచేస్తాను, దానికి వేరే తీసుకోనులెమ్మని అన్నాను. ఆవిడ నవ్వలేదు. ముట్టుకోవద్దని ఇంకోసారి చెప్పింది. తర్వాత ఏ పూట విప్పుతానో, ఏ పూట మళ్లీ నడిపిస్తానో కచ్చితంగా చెప్పమంది. బుధవారం పొద్దున ఎనిమిదింటికి విప్పుతాను, శుక్రవారం మధ్యాహ్నానికి నడుస్తుందన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఆ మూడు రోజులూ కూతురితో సింహాచలం కొండ మీద సత్రంలో ఉంటానని, నడిచాక ఫోన్ చెయ్యమని, చీటీ మీద నంబరు ఇచ్చింది.

మొక్కు ఉందేమో అనుకుని అదే అడిగాను.

"మొక్కు గాదు. అక్కడికైతే రాడు," అంది.

ఎవరు రాడని అడిగేలోపే మెట్లు దిగిపోయింది.

బుధవారం చెప్పిన వేళకే విప్పాను. లోపల చూస్తే ముచ్చటేసింది. ఇంగ్లండు పనితనం, ప్రతి రేకు మీదా చేత్తో చెక్కిన తీగలు. నూనె ఎండి బెల్లం పాకంలా గట్టిపడింది. ఒక్కొక్క ముక్కే తీసి పెట్రోలులో వేసి, పుల్లలు సన్నగా చెక్కి, ఇరుసులు తిరిగే రాళ్ల కన్నాలన్నీ తుడిచాను. డొప్ప బందు సందులో గోధుమరంగు పెచ్చు ఉంటే తుప్పు అనుకున్నాను. తడిపుల్ల తగలగానే నానింది. తుప్పు నీళ్లకి కరగదు. ఇది కరిగి ఎర్రగా దిగింది. విరిగిన రింగు మొదట్లో పొడుగాటి వెంట్రుకలు నాలుగైదు చుట్టుకుని ఉన్నాయి, కుదుళ్లతో సహా. వాటిని పట్టకారుతో లాగి చెత్తబుట్టలో వేసి చేతులు కడుక్కున్నాను.

గురువారం రాత్రి నుంచి వాన పట్టుకుంది. శుక్రవారం తెల్లారినా తెల్లారినట్టు లేదు. బంగాళాఖాతంలో తుఫాను, పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు, క్రేన్లు ఆగిపోయాయి. పదకొండింటికి కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని ఆఖరి మర బిగించి కీ ఇచ్చాను. నడిచింది. కుంటుతూనే నడిచింది.

అక్కడితో ఆపి ఫోన్ చెయ్యాల్సింది. చెయ్యలేదు. అంత పని చేసి, కుంటుతున్న గడియారాన్ని మనిషి చేతిలో పెట్టడమంటే బిడ్డకి తలంటు పోసి మాసిన చొక్కా తొడిగినట్టే. ఇది నా చేతిలోంచి వెళ్లిందని ఎవరైనా వింటే నా పరువేం కావాలి. ముసలమ్మకి గడియారాల సంగతేం తెలుసు, సరిచేశాక వింటే తనే సంతోషిస్తుందనుకున్నాను.

కుంటు తియ్యడం పెద్ద పనేం కాదు. లోపల అటూ ఇటూ ఊగే చక్రం ఒకటి ఉంటుంది. దాని ఇరుసుకి ఒక బుల్లి ఇత్తడి ఉంగరం, ఆ ఉంగరానికి వెంట్రుకలాంటి స్ప్రింగు. ఉంగరాన్ని వెంట్రుకవాసి తిప్పితే నడక మారుతుంది. చక్రాన్ని బయటికి తియ్యాలి, తిప్పాలి, మళ్లీ పెట్టి వినాలి.

మొదటిసారి తిప్పి పెట్టాను. కుంటు సగం తగ్గింది. గదిలో ఏదో వాసన వచ్చింది. సారా, ఓడ గ్రీజు, తడిసిన గోనెసంచి. కింద ఎవరో సరుకు దించుతున్నారేమో అనుకున్నాను.

రెండోసారి తిప్పాను. ఇంకా తగ్గింది. నా వెనక ఎవరో ఊపిరి పీల్చారు. కిటికీ సందులోంచి గాలి అనుకున్నాను.

మూడోసారి... టిక్, టక్, టిక్, టక్. సూది మొనంత తేడా లేదు. ప్రాణానికి హాయిగా ఉంది. కళ్లు మూసుకుని వింటున్నాను.

చిటుక్కుమని చప్పుడైంది. నా వెనక, రెండడుగుల దూరంలో. ఎన్నాళ్లో ముడిచి కూర్చున్న మోకాలిని చాపినప్పుడు వచ్చే చప్పుడు అది. తర్వాత ఒక నిట్టూర్పు, హాయిగా, పొడుగ్గా... వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. బరువైన అడుగులు తలుపు వైపు వెళ్లాయి. మెట్ల మీద రెండేసి మెట్లు ఒక్క అంగలో దాటుతూ దిగాయి. నేను వంగి కిందికి చూసి, ఎవరు దిగారని దేవీప్రసాద్‌ని అడిగాను. ఎవరూ దిగలేదన్నాడు. పైన ఏం పడేశారు మాస్టారూ, నెత్తిన దుమ్ము రాలిందని విసుక్కున్నాడు.

అయినా వయసు, చీకటి, ఖాళీ కడుపు అని నాకు నేనే సర్దిచెప్పుకుని వరహాలమ్మకి ఫోన్ చేశాను. గడియారం నడుస్తోందని చెప్పాను.

"ఎలాగ నడుస్తంది బావూ? ఎప్పట్లాగేనా?"

గాలికి మాట తెగిపోతోంది. నిజం చెప్పకపోవడానికి అదే సాకు దొరికింది.

"నడక బాగుందమ్మా," అన్నాను. "చాలా బాగుంది."

మూడింటికి వచ్చింది, తడిసి ముద్దయి. కూతురు రోజారమణిని కొండ మీద నుంచి తిన్నగా ఇంటికి పంపేసిందట. గాలి పెరక్కముందే ఇంటి పైరేకులకి తాళ్లు కట్టాలని. పాపం కుడి చెయ్యి విరిగి కట్టుతో ఉంది, ఒక్క చేత్తో ఏం కడుతుందో అంటూనే గడియారం తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది.

ఆవిడ మొహం చూశాను. రంగు పోవడం అంటారే, అది కళ్లారా చూశాను.

"ఏటి సేసినావు బావూ," అంది. కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది.

నిలబడే చెప్పింది, గబగబా, తలుపు వైపు చూస్తూ. మొగుడి పేరు తవిటయ్య. పోర్టులో కళాసీ. ఈ గడియారం ఏదో ఓడ ఇంజినీరు దగ్గర కొట్టుకొచ్చాడు. మొలలో దోపుకునేవాడు, గొలుసు మాత్రం పిడికిలికి చుట్టుకునేవాడు, కొట్టడానికి. రోజారమణికి తొమ్మిదేళ్లప్పుడు ఆ పిల్ల గడియారాన్ని ముట్టుకుందని జుట్టు పట్టుకుని గోడకేసి బాదడం మొదలుపెట్టాడు. పిల్ల చచ్చిపోతుందని వరహాలమ్మ రోకలి ఎత్తి వాడి మోకాలి మీద వేసింది. ఎముక ముక్కలైంది. మొలలోంచి గడియారం కింద పడింది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒక్కలాగే కుంటారు, మొగుడూ గడియారమూ. ఆ కుంటే తల్లీపిల్లల్ని బతికించింది. అడుగు వినపడగానే పక్కింటికి పారిపోయేవారు, వాడు అందుకోలేకపోయేవాడు. ప్రతి సాయంత్రం గుమ్మంలో కూర్చుని కూతురితో ఒకటే మాట అనేవాడట. కాలు బాగవ్వనీ, అప్పుడు సెప్తాను.

ఆరేళ్లకి పూటుగా తాగి గట్టు మీద పడి చచ్చాడు. గొలుసు పిడికిలికి చుట్టుకునే చచ్చాడు. వేళ్లు విప్పలేక అలాగే పాతిపెట్టారు.

"సచ్చినా రావడం మాన్లేదు," అంది. "కానీ కుంటతానే వస్తాడు. ఇది కుంటినన్నాళ్లూ ఆడు కుంటతాడు. ఇనపడగానే మేం బయటికి ఎలిపోతాం."

సముద్రంలో పారెయ్యలేకపోయావా అన్నాను. పిచ్చివాడిని చూసినట్టు చూసింది. పారేస్తే అడుగులు వినపడవు కదా, వినపడనంత మాత్రాన రానట్టా, అంది. పోయిన నెలలో ఒక తెల్లవారుజామున గడియారం అరగంట ఆగిపోయిందట. అడుగుల చప్పుడే లేదు. ఆ అరగంటలోనే రోజారమణి చెయ్యి రెండు చోట్ల విరిగింది.

చెబుతూనే ఫోన్ కలిపింది. స్పీకరులో పెట్టడం నేర్పించుకున్నట్టుంది, నాకూ వినపడింది. గాలి హోరు, రేకుల దడదడ, ఆ వెనక నలభై ఏళ్ల ఆడమనిషి గొంతు.

"అమ్మా, వాకిట్లో ఎవులో నడుస్తన్నారే."

"నాన్నే. బయటికి ఎలిపో."

"నాన్న గాదే. కుంటట్నేదు." చెవి ఒగ్గి విన్నట్టుంది. "సక్కగా నడుస్తన్నాడు. బడికాడికి రమ్మని వాలంటీరు వచ్చినాడేమో. తలుపు తీస్తన్నాను."

"తియ్యకు," అంది వరహాలమ్మ. "తియ్యకు గుంటా..."

ఫోన్ కట్టయింది.

ఇక్కడే మళ్లీ కుంటు తెప్పిస్తానని నేను చక్రం మీద చెయ్యి వేశాను. నా మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యి, అయినా ఎముక నొక్కుకుపోయింది. కుంటు రావాలంటే గడియారం ఆగాలి, ఆగితే వాడి అడుగుల చప్పుడు ఆగుతుంది, అక్కడ పిల్ల ఒక్కత్తే ఉంది. నాను పక్కన ఉన్నప్పుడే ఆపాలి, పద, అంది. సన్న పట్టకారు, స్క్రూడ్రైవరు, కంటద్దం జేబులో వేసుకుని స్కూటరు తీశాను.

ఆ దారి నాకు ఇప్పటికీ ఒళ్లంతా గుర్తు. రోడ్డు మీద మనిషి లేడు. కొమ్మలు, హోర్డింగు గుడ్డలు, మోకాలి లోతు నీళ్లు. వరహాలమ్మ వెనక కూర్చుని గడియారం చెవికి నొక్కుకుంది. దాంట్లోంచే వాడి అడుగులు ఆవిడకి వినపడుతున్నాయి. నా చెవిలో ఒక్కొక్కటీ చెబుతూ వచ్చింది.

"తలుపు కాడ నిలబడ్డాడు..."

హార్బరు మలుపు దాటాం.

"తోస్తన్నాడు..."

ఇంకో వంద గజాలు.

"లోపలికి ఎల్లినాడు..."

ఆ తర్వాత చెప్పలేదు. నా భుజం మీద తల ఆనించి ఏడవడం తెలుస్తోంది.

వాళ్ల వీధి మొత్తం బడిలోకి తరలిపోయింది. ఒక్క దీపం లేదు. సముద్రం రోడ్డు దాకా వచ్చి కొడుతోంది. వాళ్ల ఇంటి తలుపు గడియతో సహా ఊడి వాకిట్లో పడి ఉంది, లోపలి నుంచి బయటికి కాదు, బయటి నుంచి లోపలికి తన్ని మళ్లీ బయటికి విసిరినట్టు. ఫోన్ లైటు వేశాను.

రోజారమణి నేల మీద ఉంది. జుట్టు మొత్తం పైకి లేచి బిగుసుకుని ఉంది, ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు. పట్టుకున్న చెయ్యి లేదు. ఆమె తల నెమ్మదిగా వెనక్కి వెళ్లింది, విసురుగా ముందుకి వచ్చి సన్నికల్లుకి తగిలింది. మళ్లీ వెనక్కి వెళ్లింది. చేతికి వేసిన సిమెంటు కట్టు పెంకుల్లా పగిలి గదంతా పడి ఉంది. నోట్లోంచి మాట రావట్లేదు, గాలి మాత్రం వస్తోంది. చుట్టూ అడుగులు... టిక్, టక్, టిక్, టక్... గడియారంతో కలిసి, సమంగా, హుషారుగా. నేను సరిచేసిన నడక.

వరహాలమ్మ వెళ్లి కూతురి మీద పడింది. ఆవిడ వీపు మీద దెబ్బ పడిన చప్పుడు విన్నాను. రెండోది. మూడోది.

"బావూ, ఆపు," అంది, కింద నుంచి. "నాను అడ్డం ఉంటాను. ఆపు."

మూలన గోడకి వీపు పెట్టి చతికిలబడ్డాను. డొప్ప తెరిచి చక్రం మీద వేలు పెట్టాను.

గడియారం ఆగింది.

అడుగులు ఆగాయి. దెబ్బలు ఆగాయి. రోజారమణి జుట్టు మెత్తగా కింద పడింది. పైన వాన తప్ప ఇంకే చప్పుడూ లేదు. వాడు పోలేదు. ఎక్కడున్నాడో తెలీదు, అంతే.

రోజారమణి పాక్కుంటూ నా దగ్గరికి వచ్చి ఎడమ చేత్తో లైటు పట్టుకుంది. ఆమె కళ్లలోకి నెత్తురు కారుతోంది, రెప్ప వెయ్యలేదు. వరహాలమ్మ లేచి మాకు అడ్డంగా నిలబడింది, చీకటి వైపు తిరిగి, రెండు చేతులూ చాచి.

మూడు నిమిషాల పని. వణకని చేతికి.

మర తీశాను. చక్రం బయటికి వచ్చింది. ఉంగరం కంటద్దంలో కనపడింది, ఆవగింజలో సగం. స్క్రూడ్రైవరు మొన దాని గాటులో పెట్టాను... జారింది. మళ్లీ పెట్టాను...

సారా వాసన వచ్చింది. దగ్గరగా. నా చెంప మీద చల్లగా ఏదో ఆనింది. గొలుసు. మెల్లగా జరిగింది, దవడ పొడుగునా, కొలత తీసుకుంటున్నట్టు.

"అతన్నొగ్గేయ్," అంది వరహాలమ్మ, గుసగుసగా. "ఇటు రా. రోకలేసింది నాను."

గొలుసు పోయింది. పోతూ పోతూ కొట్టింది. నోట్లో ఏవో విరిగాయి, నాలుక మీద రాళ్లలా దొర్లాయి. చక్రాన్ని మాత్రం వదల్లేదు. ఉమ్మడానికి కూడా తల తిప్పలేదు. ఉంగరాన్ని తిప్పాను, ఎంత తిప్పానో అంత వెనక్కి.

అప్పుడు వెనక చీకట్లో గొలుసు పిడికిలికి చుట్టుకునే చప్పుడు. ఒక్కో లంకె... ఒక్కో లంకె... తొందరేం లేదు వాడికి.

మొదటి దెబ్బకి వరహాలమ్మ అరవలేదు. రెండో దానికీ అరవలేదు. ఆవిడ పడింది, వాడు ఆగలేదు. తడిబట్ట బండకేసి కొట్టినట్టు... కొట్టినట్టు... రోజారమణి చేతిలో లైటు ఊగింది. "చూడకు," అన్నాను. ఆమె లైటుని పళ్లతో పట్టుకుని, ఎడమ చెయ్యి కళ్ల మీద నొక్కుకుంది. చక్రం దాని గుంటలో కూర్చోబెట్టాను. మర తిప్పాను. ఏడు దెబ్బలు లెక్కపెట్టాను. ఎనిమిదికి మర బిగిసింది.

నడవలేదు.

కీ ఇచ్చే ఉంది. చక్రం కదలట్లేదు. వెనక దెబ్బలు ఆగిపోయాయి. ఇక అక్కడ కొట్టడానికి ఏమీ మిగల్లేదన్నమాట. రోజారమణి జుట్టులో ఒక పాయ నెమ్మదిగా పైకి లేవడం చూశాను.

గడియారాన్ని అరచేత్తో కొట్టాను.

టిక్‌టక్... టిక్‌టక్... టిక్‌టక్...

ఎముక విరిగిన చప్పుడు. బరువైనదేదో నేల మీద కూలింది, గోడలు అదిరాయి. పాయ కింద పడింది. కాసేపు మూలుగు. తర్వాత లేచి, ఒక కాలు వేస్తూ ఒక కాలు ఈడుస్తూ, గుమ్మం దాటి సముద్రం వైపు వెళ్లిపోయింది.

లైటు అటు తిప్పాం. వరహాలమ్మ వెల్లకిలా పడి ఉంది. మెడ ఉండాల్సిన వైపు లేదు. మొహం నిండా గొలుసు అచ్చులు, ఒకదాని మీద ఒకటి, దవడ మీది పాతవి ఏవో కొత్తవి ఏవో తెలియకుండా. రోజారమణి తల్లి పక్కన కూర్చుని ఆవిడ మొహం కడిగింది, ఒక్క చేత్తో, వాన నీళ్లతో. తెల్లారేదాకా కడుగుతూనే ఉంది. నేను గడియారానికి కీ ఇస్తూ కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. నా మూలంగానే అని ఆ పిల్లతో చెప్పాను. తను మళ్లీ అరచేత్తో వాన నీళ్లు పట్టింది.

పైరేకు ఊడి మీద పడిందని పోలీసులు రాసుకున్నారు. తుఫానులో ఎవరూ పెద్దగా అడగలేదు. నాకు నాలుగు పళ్లు పోయాయి, మాట కొంచెం తేడాగా వస్తుంది.

రోజారమణి ఇప్పుడు అచ్యుతాపురంలో ఒక కంపెనీలో చేరింది. ఆడవాళ్ల హాస్టల్లో ఉంటోంది, గదికి ఆరుగురు. గడియారం తీసుకెళ్లనంది. కీ ఇచ్చినప్పుడల్లా అమ్మ గుర్తొస్తుందట, చెయ్యి ఆగి గడియారం నిలిచిపోతుందేమోనని భయమట. అందుకని నా దగ్గరే ఉంది. పొద్దునా సాయంత్రం కీ ఇస్తాను. వాడి అడుగు ఆ పిల్ల గుమ్మం దాకా వెళ్తే నాకు వినపడుతుంది, ఫోన్ చేస్తాను, ఆరుగురూ దీపాలు వేసుకుని వరండాలోకి వచ్చేస్తారు. రెండుసార్లు అలా జరిగింది. రోజూ సాయంత్రం ఏడింటికి తనే ఫోన్ చేసి నడక ఎలా ఉందని అడుగుతుంది. కుంటుతోందని చెబుతాను. అప్పుడే అన్నం తింటుంది.

వరహాలమ్మ పెద్దదినం అయిన మర్నాడు ఇంకో చప్పుడు విన్నాను. టిక్‌టక్ కింద వాడి అడుగులు, ఎప్పటిలాగే, ఒకటి వేసి ఒకటి ఈడ్చి. వాటికి ముందు ఇంకో జత. చిన్నవి, చెప్పుల్లేనివి, గబగబా. ఎవరో వాడి ముందు పరిగెడుతున్నారు. రోజారమణికి చెప్పలేదు. ఏమని చెబుతాను. రోజూ వినేవాణ్ణి. పరిగెత్తమ్మా, వాడు అందుకోలేడులే అని గడియారంతో మాట్లాడేవాణ్ణి కూడా.

ఈ పొద్దున కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాను. గడియారం కుంటుతోంది. దాన్ని నేను విప్పలేదు, మూత కూడా తియ్యలేదు. కింద రెండు జతల అడుగులూ ఉన్నాయి. వెనకవి సమంగా పడుతున్నాయి, తొందర లేకుండా. ఈడుస్తున్నవి ముందువి, ఆ చెప్పుల్లేనివి.

మధ్యాహ్నానికి ముందువి వినపడడం మానేశాయి.

ఏడింటికి రోజారమణి ఫోన్ చేసింది. వెనక పళ్లేల చప్పుడు, ఆడపిల్లల నవ్వులు.

"కుంటతందా బాబాయ్?"

గడియారం నా చేతిలోనే ఉంది. టిక్‌టక్... టిక్‌టక్...

"కుంటుతోందమ్మా," అన్నాను.

గడియారం సంగతి చెప్పాను. అడుగుల సంగతి తను అడగలేదు.